మెడ వదిలేయకండి: రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు, కార్యదర్శులకు, ఎన్టీఆర్ వైద్య సేవలోనూ ఆరోగ్యశ్రీలోనూ క్యాన్సర్ ఆపరేషన్లకు అప్రూవల్ ఇచ్చే డాక్టర్లకు,

నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. డాక్టర్ని కాదు. అయినా నోటి క్యాన్సర్ ఆపరేషన్ల గురించి మీకు రాస్తున్నాను. మా ఇంట్లో ఒకరికి, మా స్టాఫ్ రూములో ఒకరికి ఈ జబ్బు వచ్చింది. ఇద్దరి మధ్యా పదకొండేళ్ల తేడా ఉంది. ఇద్దరికీ డాక్టరు చెప్పిన మాట మాత్రం ఒక్కటే: మెడలో ఏమీ లేదు, వస్తే అప్పుడు చూద్దాం. ఆ పదకొండేళ్లలో ఆ మాట తప్పని తేలిపోయింది. తేల్చింది అమెరికా వాళ్లు కాదు, ముంబైలో మనవాళ్లే. అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు మా నాయనమ్మ గురించి చెప్పాలి. ఆవిడ చుట్టని తిరగేసి కాల్చేది. అంటే నిప్పున్న కొస నోట్లోకి ఉంటుంది. మా వైపు దీన్ని అడ్డపొగ అంటారు. వేరే జిల్లాల వాళ్లకి చెబితే వేళాకోళం చేస్తున్నాననుకుంటారు. ఉడుపుల రోజుల్లో వాన పడుతున్నా చుట్ట ఆరదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి, పెదాలు మూసుకుని గంటసేపు లాగొచ్చు. నోరు తెరవమని అడిగితే నవ్వుతూ తెరిచేది. అంగిలి గులాబీ రంగులో ఉండేది కాదు. సున్నం కొట్టిన గోడలా తెల్లగా, బీటలు వారి, మధ్యమధ్యలో ఎర్ర చుక్కలతో ఉండేది.

మా వాళ్ల ఈ అంగిళ్లని చూడడానికి కోపెన్‌హాగన్ నుంచి మనుషులు వచ్చారని నాకు పెద్దయ్యాక తెలిసింది. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కి చెందిన ఫాలీ మెహతా, డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, వాళ్ల బృందం ఊరూరూ తిరిగి 10,169 మంది నోళ్లు తెరిపించి చూశారు. అందులో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్లే. 1971లో ఆ వివరాలు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయ్యాయి. తర్వాత ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడేవాళ్లను తీసుకుని, నచ్చజెప్పి మాన్పిస్తే నోట్లో మచ్చలు తగ్గుతాయా అని ఏళ్ల తరబడి చూశారు. అది 1986లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. అంటే పొగాకు నోటిని ఏం చేస్తుందో ప్రపంచానికి తెలిసినదాంట్లో కొంత మా నాయనమ్మల అంగిళ్ల మీద తెలిసింది. మా దగ్గర నుంచి వెళ్లిన జ్ఞానం మా దగ్గరికి తిరిగి రావడానికి ఎన్నేళ్లు పట్టాలన్నదే నా ప్రశ్న.

విచిత్రం ఏమిటంటే నాయనమ్మకి క్యాన్సర్ రాలేదు. మా నాన్నకి వచ్చింది. ఆయన చుట్ట ముట్టుకోలేదు. ఖైనీ వేసేవారు.

2012 సంక్రాంతి వెళ్లాక నాలుక ఎడమ అంచున చిన్న పుండు వచ్చింది. పంటి మొన గుచ్చుకుంటోందని ఆయనే తేల్చేసుకున్నారు. ఆర్ఎంపీ బి-కాంప్లెక్స్ రాశాడు. పంటి డాక్టరు ఆ పన్ను కొంచెం అరగదీశాడు. నెలన్నర గడిచింది. పులుసు తగిలితే తప్ప మంట లేదు. "నొప్పి లేదు, ఏటీ లేదు, ఎందుకే నీకంత గాభరా" అనేవారు. నొప్పి లేకపోవడమే ప్రమాదమని నాకు అప్పుడు తెలీదు. చివరికి ముక్క పరీక్ష చేయిస్తే క్యాన్సర్ అని వచ్చింది. పుండు రెండు సెంటీమీటర్లు కూడా లేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. నాలుకలో ఆ భాగం, చుట్టూ కొంచెం మంచి కండతో సహా తీసేశారు. మెడ సంగతి అడిగాను. ఎవరో చెప్పగా విన్నాను, ఇది మెడలో బిళ్లలకి (లింఫ్ గ్రంథులకి) పాకుతుందని. సర్జన్ గారు ఓపిగ్గానే చెప్పారు: "స్కాన్‌లో మెడ క్లీన్‌గా ఉందమ్మా. లేని జబ్బుకి కోత ఎందుకు? వస్తే అప్పుడు చూద్దాం."

తొమ్మిది నెలలకి వచ్చింది. గెడ్డం గీసుకుంటూ దవడ కింద బఠాణీ గింజంత బిళ్లని నాన్నే తడిమి చూసుకున్నారు. ఆస్పత్రికి వెళ్లి, స్కాన్లు తీయించి, మళ్లీ అప్రూవల్ వచ్చేసరికి అది నిమ్మకాయంత అయింది, పక్కన ఇంకో రెండు లేచాయి. బిళ్ల పొర చీల్చుకుని జబ్బు చుట్టూ కండలోకి దిగింది. రెండో ఆపరేషన్‌లో చెవి వెనక నుంచి గొంతు దాకా కోశారు. భుజం లేపే నరం జబ్బులో చిక్కుకుపోయింది, తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన ఎడమ చెయ్యి భుజం పైకి లేవలేదు. చొక్కా తొడుక్కోవాలంటే ముందు ఎడమ చెయ్యి దూర్చి, తర్వాత కుడి చేత్తో మిగతాది లాక్కునేవారు. తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టారు, ముక్కులో పైపు వేశారు. పైపులోంచి అంబలి పోస్తుంటే, "రుచెలాగుంది నాన్నా" అని నేను వేళాకోళమాడితే బొటనవేలు చూపించేవారు. 2014 ఆగస్టులో పోయారు.

ఆ సర్జన్ తప్పు చేశారని నేను అనను. ఇది కచ్చితంగా చెప్పాలి. 2012లో ఈ ప్రశ్నకి ప్రపంచంలో ఎవరి దగ్గరా గట్టి జవాబు లేదు. నోట్లో చిన్న పుండు, మెడలో చేతికి ఏమీ తగలదు. అప్పుడే మెడలో బిళ్లలన్నీ తీసేయాలా, వచ్చినప్పుడు చూసుకోవాలా అన్నదాని మీద సర్జన్లు దాదాపు యాభై ఏళ్లుగా రెండు వర్గాలుగా వాదించుకుంటున్నారు. తీసేయాలనేవాళ్లు, కంటికి కనపడని జబ్బు అక్కడ దాగి ఉండొచ్చు అనేవారు. వద్దనేవాళ్లు, పదిమందిలో ఏడుగురికి అక్కడ ఏమీ ఉండదు, వాళ్లకి ఊరికే కోత పెట్టి భుజం నొప్పి తెప్పిస్తామా అనేవారు. రెండు మాటలూ న్యాయంగానే ఉన్నాయి. తేల్చాలంటే ఒకటే దారి, రోగుల్ని చీట్లు వేసి రెండు గుంపులుగా చేసి చూడడం.

ఆ పని ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రిలో సర్జన్ అనిల్ డిక్రూజ్, ఆయన తోటివాళ్లు 2004లోనే మొదలుపెట్టారు. మా నాన్న ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు ముంబైలో ఆ ట్రయల్ నడుస్తోంది. పదేళ్లలో 596 మందిని చేర్చుకున్నారు. అందరికీ మా నాన్నకి ఉన్నలాంటిదే, నోట్లో ఒక పక్కన చిన్న క్యాన్సర్, మెడలో ఏమీ తగలదు. ఒక గుంపుకి మొదటి ఆపరేషన్‌లోనే మెడ బిళ్లలు తీశారు. రెండో గుంపుకి నోటి వరకే చేసి, మెడలో ఏదైనా వస్తే అప్పుడు తీశారు. మొదటి 500 మంది ఫలితాలు 2015 మే 31న షికాగోలో క్యాన్సర్ డాక్టర్ల మహాసభలో చెప్పారు, అదే రోజు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది.

మూడేళ్లకి బతికున్నవాళ్లు ముందే మెడ బిళ్లలు తీసిన గుంపులో నూటికి 80 మంది. ఆగి చూసిన గుంపులో 67.5. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు మొదటి గుంపులో 69.5, రెండో గుంపులో 45.9.

నేను లెక్కల టీచర్ని కాబట్టి ఇది పిల్లలకి చెప్పినట్టు చెబుతాను. 80 లోంచి 67.5 తీసేస్తే 12.5. నూరుని 12.5తో భాగిస్తే 8. అంటే ఎనిమిది మందికి ముందే మెడ ఆపరేషన్ చేస్తే, లేకపోతే పోయే ఒక ప్రాణం నిలుస్తుంది. జబ్బు తిరగబెట్టడం లెక్క వేస్తే నలుగురికి చేస్తే ఒకరికి తప్పుతుంది. వైద్యంలో ఇంత పెద్ద తేడా చూపించే పని అరుదని పెద్ద డాక్టర్లే అంటారు. కొన్ని వారాలు ఎక్కువ బతికించే మందులకి లక్షల్లో ధర పెడతారు. ఇక్కడ కొత్త మందు లేదు, కొత్త మెషీన్ లేదు. అదే సర్జన్, అదే కత్తి, అదే మత్తు. ఇంకో రెండు మూడు గంటలు.

ఆ ట్రయల్‌లో నన్ను ఎక్కువ కదిలించింది వేరే విషయం. ముందే మెడ బిళ్లలు తీసినవాళ్లలో దాదాపు 30 శాతం మందికి ఆ బిళ్లల్లో అప్పటికే జబ్బు ఉంది, స్కాన్‌కీ చేతికీ దొరకలేదు. మా నాన్న మెడ "క్లీన్" అన్నప్పుడు క్లీన్ కాదన్నమాట. రెండోది, ఆగి చూసిన గుంపులో జబ్బు తిరగబెట్టినప్పుడు చిన్నగా రాలేదు. ముదిరి, పొర చీల్చుకుని వచ్చింది. ఆ గుంపులో ఉన్నవాళ్లు టాటా మెమోరియల్‌లో, ట్రయల్ నిబంధన ప్రకారం తరచూ పరీక్షలకి వచ్చినవాళ్లు. ఊరికే చేత్తో చూసి పంపాలా, అల్ట్రాసౌండ్ కూడా తీయాలా అని కూడా అదే ట్రయల్‌లో పరీక్షించారు. అల్ట్రాసౌండ్ తీసినా ప్రాణాల లెక్కలో తేడా రాలేదు. అక్కడే అంత కాపలా కాసినా దొంగ ముదిరాకే దొరికాడు. ఇక పలాస నుంచో పాడేరు నుంచో కూలి మానుకుని బస్సెక్కి రావాల్సినవాళ్లకి "వస్తే చూద్దాం" అంటే అర్థం ఏమిటి?

అవతలి వైపు మాట కూడా చెబుతాను. మెడ ఆపరేషన్ ఊరికే చేసేది కాదు. భుజం పట్టేస్తుంది, కింది పెదవి నరం దెబ్బతినొచ్చు. పుండు మూడు మిల్లీమీటర్లకి మించి లోతు లేనివాళ్లకి అంత లాభం కనపడలేదని ఆ ట్రయలే సూచించింది. ఫ్రాన్స్‌లో, జపాన్‌లో 2020, 2021లో వచ్చిన ట్రయల్స్ ఇంకో దారి చూపించాయి. పుండు దగ్గర కొంచెం రేడియోధార్మిక మందు ఎక్కించి, అది ముందుగా ఏ బిళ్లకి చేరుతుందో కనిపెట్టి, ఆ ఒకటి రెండు మాత్రమే తీసి చూస్తారు. అందులో జబ్బు ఉంటేనే మెడ మొత్తం చేస్తారు. ప్రాణాల లెక్కలో అది తీసిపోలేదు, భుజాలు బాగున్నాయి. కాకపోతే దానికి న్యూక్లియర్ మెడిసిన్ విభాగం కావాలి, ఆపరేషన్ మధ్యలో బిళ్లని పరీక్షించే పాథాలజీ కావాలి. అవి ఉన్న పెద్దాస్పత్రులు ఆ పద్ధతికి వెళితే సంతోషం. లేనిచోట మాత్రం మెడని వదిలేయడానికి అది సాకు కాకూడదు.

ఇప్పుడు స్టాఫ్ రూము సంగతి. మా స్కూల్లో తెలుగు చెప్పే మాస్టారికి నలభై ఆరేళ్లు. గుట్కా అలవాటు. 2023 జనవరిలో నాలుక అంచున పుండుకి కార్డు మీద ఆపరేషన్ జరిగింది. ఊరూ పేరూ చెప్పను, మంచి పేరున్న ఆస్పత్రే. డిశ్చార్జి కాగితం నాకు చూపించారు. నాలుక ఆపరేషన్ ఒక్కటే రాసుంది. వెనక పాథాలజీ రిపోర్టులో, చిన్న అక్షరాల్లో, పుండు లోతు 7 మిల్లీమీటర్లు. ఇప్పుడు డాక్టర్లు పాటించే గైడ్‌లైన్స్‌లో 4 మిల్లీమీటర్లు దాటితే మెడ చేయడానికే మొగ్గు. 2018 నుంచి వాడుతున్న స్టేజింగ్ పద్ధతిలో ఈ లోతుని బట్టే స్టేజి మారుతుంది. ఏడు కనపడగానే నాకు కడుపులో దేవినట్టయింది.

"మెడ గురించి అడిగారా మాస్టారూ?"

"అడిగానమ్మా. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. వస్తే అప్పుడు చూద్దామన్నారు."

ఒక్క అక్షరం మారలేదు. 2012లో ఎవరికీ జవాబు తెలీదు కదా అని ఆ మాటని క్షమించాను. 2023లో ఎలా క్షమించను? టాటా ఫలితం వచ్చి అప్పటికి ఏడున్నరేళ్లు. అది మన దేశపు రోగుల మీద, మన దేశపు సర్జన్లు చేసింది. మన గుట్కా, మన ఖైనీ. విదేశీ పరిశోధన మనకి వర్తించదేమో అనే సాకు కూడా లేదు.

ఆగస్టులో ఆయనకి బిళ్ల కట్టింది. తర్వాత కథ మా నాన్నదే, కొంచెం తక్కువ ఘోరంగా. భుజం నరం నిలిచింది, మనిషి ఉన్నారు. ఒకప్పుడు ఆయన పోతన పద్యం ఎత్తుకుంటే పక్క క్లాసులో నేను లెక్క ఆపేదాన్ని. ఇప్పుడు ర, ళ పలకవు. పద్యం పిల్లల చేత పాడిస్తారు, డస్టరుతో బల్ల మీద నడక తడతారు. తప్పు పాడితే తట్టడం ఆపేస్తారు. పిల్లలు నవ్వరు. అది వాళ్ల మంచితనం.

కాబట్టి నా మొదటి విన్నపం చాలా చిన్నది. నాలుకకీ, బుగ్గకీ, చిగుళ్లకీ క్యాన్సర్ ఆపరేషన్ అని అప్రూవల్‌కి వచ్చే ప్రతి ఫారంలో రెండు గడులు పెట్టించండి. మెడ చేస్తున్నారా? చేయకపోతే ఎందుకని? రెండోదానికి ఒక్క వాక్యం చాలు. "లోతు 2 మిల్లీమీటర్లే" అని రాయొచ్చు, "రోగి వద్దన్నారు" అని రాయొచ్చు. "స్కాన్ క్లీన్" అన్నది మాత్రం కారణంగా ఒప్పుకోకండి. ఆపరేషన్ అయ్యాక డబ్బు విడుదలకి పాథాలజీ రిపోర్టు ఎలాగూ అడుగుతారు కదా, అందులో లోతు కొలత, తీసిన బిళ్లల లెక్క ఉందో లేదో చూడండి. ప్యాకేజీ డబ్బు మెడ ఆపరేషన్ కష్టానికి సరిపోకపోతే పెంచండి. మూడు గంటల అదనపు పనికి పైసా ఇవ్వకుండా చేయమంటే ఏ ఆస్పత్రి అయినా "వస్తే చూద్దాం" అనే అంటుంది. రెండో ఆపరేషన్‌కీ, తర్వాత కరెంటుకీ, కీమోకీ పథకం నడిపే మీ ట్రస్టే కట్టాలి. ఆ లెక్క కూడా వేసి చూడండి.

సర్జన్లకి ఇందులో చేయి తిరగలేదంటే అదీ దాచుకోవాల్సింది కాదు. జిల్లాల్లో ఉన్న ఈఎన్‌టీ డాక్టర్లలో చాలామంది చెవి, సైనస్, టాన్సిల్ పనిలోనే మునిగి ఉంటారు. మెడ కోసి నరాలు తప్పించడం వేరే విద్య. విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది, ట్రయల్ చేసిన టాటా వాళ్లదే. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. కోఠిలో ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది. తలా ఆరు నెలలు అక్కడికి పంపండి. అది కుదరకపోతే నోటి క్యాన్సర్ కేసుల్ని కత్తి పెట్టకముందే అక్కడివాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడి తేల్చే పద్ధతి పెట్టండి. మా స్కూలు పిల్లలు కరోనాలో ఫోను పట్టుకుని చదువే నేర్చేసుకున్నారు. ఇద్దరు సర్జన్లు వారానికోసారి మాట్లాడుకోలేరా?

ఆపరేషన్ తర్వాత కరెంటు ఆలస్యం గురించి ఎక్కువ రాయను, మీకు తెలిసిందే. ఆరు వారాల్లోపు మొదలుపెట్టాలని గైడ్‌లైన్స్ చెబుతాయి. మాస్టారికి పదకొండో వారంలో మొదలైంది. కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా వేసే మాస్కు కొలత, పన్ను పీకడం, స్కాన్, అప్రూవల్, మెషీన్ ఖాళీ, అన్నీ ఒకదాని వెనక ఒకటి. పళ్ల పని ఆపరేషన్‌తో పాటే చేసేయొచ్చని ఎవరూ చెప్పలేదు.

ఇక కత్తి దాకా రాకుండా ఆపే సంగతి. కేరళలో తిరువనంతపురం జిల్లాలో 1996లో శంకరనారాయణన్ బృందం ఒక పని మొదలుపెట్టింది. 13 పంచాయతీల్ని తీసుకుని ఏడింటిలో ఇంటింటికీ వెళ్లి నోరు చూశారు, ఆరింటిలో మామూలుగా వదిలేశారు. చూసినవాళ్లు డాక్టర్లు కాదు. డిగ్రీ చదివి, శిక్షణ తీసుకున్న మామూలు మనుషులు. మూడేళ్లకోసారి కంటితో చూడడం, వేలితో తడమడం, అనుమానం ఉంటే డాక్టరు దగ్గరికి పంపడం. 2005లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. పొగాకో మందో అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి. అలవాటు లేనివాళ్లలో లాభం కనపడలేదు, కాబట్టి అందరి నోళ్లూ చూస్తూ కూర్చోనక్కర్లేదు. ఎవరి జేబులో ప్యాకెట్ ఉందో వాళ్ల దగ్గరికి వెళితే చాలు.

కేంద్రం 2016లోనే 30 ఏళ్లు దాటిన ప్రతివాళ్లకీ ఐదేళ్లకోసారి నోరు చూడాలని చెప్పింది. జరిగిందా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల వాళ్లలో ఎప్పుడైనా నోటి క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్లు, దేశం మొత్తం మీద ఆడవాళ్లలో 0.9 శాతం, మగవాళ్లలో 1.2 శాతం. నా క్లాసులో నలభై మంది ఉంటారు. ఈ లెక్కన ఒక క్లాసుకి ఒక్క మనిషి కూడా నిండడు. 2022 అంచనాల ప్రకారం దేశంలో ఏడాదికి లక్షా 43 వేల మందికి పైగా కొత్తగా నోటి క్యాన్సర్ బయటపడుతోంది, 80 వేల దాకా పోతున్నారు.

సర్వే తర్వాత మారిందని మీరు అనొచ్చు. ఇంటింటి సర్వేలు పెరిగాయి, నిజమే. మా ఇంటికీ వచ్చారు. ఏఎన్ఎం అమ్మాయి మంచిది, మా దగ్గర చదివిందే. బీపీ చూసింది, వేలు గుచ్చి షుగర్ చూసింది. ట్యాబ్‌లో నోటి పరీక్ష దగ్గరికి వచ్చేసరికి "నోట్లో పుండ్లు ఏవైనా ఉన్నాయా టీచర్?" అని అడిగింది. లేవన్నాను. 'నార్మల్' నొక్కింది. నా నోరు తెరిపించలేదు. "చూడవా తల్లీ?" అంటే సిగ్గుపడింది. "రోజుకి ముప్ఫై ఇళ్లు టీచర్. టార్చి ఇచ్చారు గానీ సెల్స్ లేవు. గ్లవ్స్ అయిపోయాయి. నోట్లో తెల్లమచ్చ ఎలా ఉంటుందో ఫొటోలో చూపించారు, మనిషి నోట్లో చూడలేదు."

తెల్లమచ్చ ఎలా ఉంటుందో మా నాయనమ్మ నోట్లో నేను పదేళ్లకే చూశాను. ప్రపంచమంతా నేర్చుకున్న ఆ అంగిలిని ఆ అమ్మాయికి చూపించేవాళ్లు లేరు. ఆమెని తప్పుపట్టకండి. ప్రతి పీహెచ్‌సీ నుంచి ఇద్దర్ని వారం రోజులు ఒక డెంటల్ కాలేజీ ఓపీలో కూర్చోబెట్టండి. మన రెండు రాష్ట్రాల్లో డెంటల్ కాలేజీలకి కొదవ లేదు. అక్కడ రోజూ నోళ్లు తెరుచుకునే కూర్చుంటారు. ట్యాబ్‌లో 'నార్మల్' నొక్కేముందు బుగ్గ లోపల ఫొటో ఒకటి తీసి ఎక్కించాలని పెడితే, అడిగి వదిలేసే పని దానంతటదే పోతుంది.

చివరగా ముదిరిపోయినవాళ్ల గురించి. మందులతో తప్ప ఏమీ చేయలేని స్థితికి వచ్చినవాళ్లకి ఇమ్యునోథెరపీ అని ఒకటి వచ్చింది, ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే వైద్యం, పెద్ద కంపెనీ మందు, ధర మన అందుబాటులో ఉండదు. టాటా మెమోరియల్‌లోనే విజయ్ పాటిల్, కుమార్ ప్రభాష్ బృందం ఒక సాహసం చేసింది. నివోలుమాబ్ అనే ఆ మందుని రెండు వారాలకోసారి 240 మిల్లీగ్రాములు ఇవ్వడం మామూలు పద్ధతి. వీళ్లు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చారు. ఆరు వారాలకి లెక్కేస్తే 720కి బదులు 40, పద్దెనిమిదో వంతు. మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ అనే చవక మందులకి దీన్ని కలిపి 151 మంది మీద పరీక్షించారు. ఏడాదికి బతికున్నవాళ్లు చవక మందులు ఒక్కటే ఇస్తే 16.3 శాతం, ఈ కొంచెం మందు కలిపితే 43.4 శాతం.

అది ఒకే ఆస్పత్రిలో చేసింది. పూర్తి మోతాదుతో పోల్చలేదు. వీళ్లెవరికీ జబ్బు నయం కాలేదు, కొన్ని నెలలు వచ్చాయంతే. అవన్నీ నాకు తెలుసు. కానీ పూర్తి మోతాదు దొరికే స్థోమత లేనివాళ్లకి "20 ఇస్తారా, ఏమీ ఇవ్వరా" అన్నదే అసలు ప్రశ్న. దాన్ని ప్యాకేజీలో పెట్టే విషయం మీ నిపుణుల కమిటీ ముందు పెట్టండి. ఇప్పుడిది ఇంకా తొందర. 2025లో వచ్చిన కీనోట్-689 అనే ట్రయల్‌లో పెంబ్రోలిజుమాబ్ అనే ఇంకో మందుని ఆపరేషన్‌కి ముందు రెండు సార్లు, తర్వాత పదిహేను సార్లు ఇస్తే, మూడేళ్ల దాకా జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు 46.4 శాతం నుంచి 57.6 శాతానికి పెరిగారు. అమెరికాలో వెంటనే అనుమతి వచ్చింది. కార్పొరేట్ ఆస్పత్రుల్లో రేపు దీని పేరే వినపడుతుంది. మొత్తం 17 డోసులు. ఎన్ని ఎకరాలు అమ్మాలో మా ఊళ్లో లెక్క మొదలవుతుంది. మోతాదు తగ్గించి ఇక్కడ కూడా పనిచేస్తుందా అని మనవాళ్లే పరీక్షించాలి. అలాంటి ట్రయల్స్‌కి విశాఖలో, హైదరాబాద్‌లో రోగుల కొరత ఉండదు. మీరు డబ్బిస్తే చాలు.

ఎనిమిది మందికి మెడ చేస్తే ఒక ప్రాణం అన్న లెక్క దగ్గరికి మళ్లీ వస్తాను. నా విన్నపాల్లో ఒక్కటే తీరుస్తామంటే ఫారంలో ఆ రెండు గడులే అడుగుతాను. మిగతావాటికి డబ్బు కావాలి, మనుషులు కావాలి, టైము కావాలి. దానికి ఒక సర్క్యులర్ చాలు. మాస్టారి డిశ్చార్జి కాగితం, పాథాలజీ రిపోర్టు జెరాక్సులు నా దగ్గర ఉన్నాయి. పేరు కొట్టేసి మీకు పంపడానికి ఆయన ఒప్పుకున్నారు. కావాలంటే విజయవాడ అయినా హైదరాబాద్ అయినా ఆదివారం బస్సెక్కి తెచ్చిస్తాను.

ఏఎన్ఎం అమ్మాయికి సెల్స్ కొనిచ్చాను. మర్నాడు మళ్లీ వచ్చి నా నోరు చూసింది. మా వీధిలో ఖైనీ వేసే పదకొండు మందినీ చూసింది. ఇద్దర్ని డెంటల్ కాలేజీకి రాసింది. ఒకాయన వెళ్లారు. రెండో ఆయన నొప్పి లేదు కదా అంటున్నారు, రేపు సాయంత్రం స్కూలు అయ్యాక ఆయన ఇంటికి వెళ్లాలి.

ఇట్లు,
ఒక లెక్కల టీచరు,
శ్రీకాకుళం జిల్లా